తాతగారి ట్రంకుపెట్టెలో పాత యాత్రా గైడ్లు, ఉంచాలా తూకానికి వేసెయ్యాలా?

లంకలోడు:

అందరికీ నమస్కారమండి. చాన్నాళ్ళ నుంచి ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మాది అమలాపురం దగ్గర ఓ లంక ఊరు. పోయిన నెల్లో పాత పెంకుటిల్లు విప్పించేసాం, అటక మీంచి ఓ ట్రంకుపెట్టె దిగింది. మా తాతగారిది. ఆయన రైల్వేలో గూడ్స్ క్లర్కు, సామర్లకోటలో చాలాకాలం చేసారు. పాసు ఉంది కదాని ఏడాదికో ఊరు తిరిగేవారంట, వెళ్ళిన ప్రతిచోటా అక్కడి గైడు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చేవారంట, మా నానమ్మ "మీరు ఊరు చూడ్డానికెళ్ళారా పుస్తకం చూడ్డానికెళ్ళారా" అని దెప్పేదని మా నాన్న చెబుతుండేవారు. మేం నవ్వేసి ఊరుకునేవాళ్ళం, ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయని మాత్రం ఎవరికీ తెలీదు.

పెట్టె తీస్తే మొత్తం నలభై పైనే ఉన్నాయండి. ఎర్రగుడ్డ అట్టతో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి, ముర్రే హ్యాండ్‌బుక్ అని, ఇండియా బర్మా సిలోన్ అని బంగారు అక్షరాలు, లోపల టైటిల్ పేజీ ఎవరో చింపేసారు. అందులో మన గోదారి వైపు గురించి వెతికితే కొద్దిగానే ఉంది. మిగతావి చాలావరకూ తెలుగువి, కాశీ గయ ప్రయాగ కలిపి ఒకటి, రామేశ్వరం, పూరీ, తిరపతివైతే మూడు. టూరిజం వాళ్ళు పంచే మడత కాగితాలు, రైల్వే టైమ్ టేబుళ్ళు. అడుగున గోదారి పుష్కరాల పుస్తకం ఒకటి, అరచేతిలో పట్టేంత, అట్టా లేదు మొదటి ఆకులూ లేవు, పిన్నులు తుప్పట్టిపోయి కాగితం చుట్టూ గోధుమరంగు మచ్చ దిగింది.

మా అమ్మేమో చెదపురుగు వచ్చిందంటే కొత్త అలమరా కూడా తినేస్తాది, పాత పేపర్లవాడు వచ్చినప్పుడు వేసెయ్యి అంటాది. వాడు వచ్చాడు కూడా, చేత్తో ఎత్తి చూసి పది కిలోలు ఉంటాయండి అన్నాడు. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు, మళ్ళీ రమ్మన్నాను.

ఇప్పుడు నా డౌట్లు. ఇవి ఏ కాలంవో ఎలా తెలుస్తాది, చాలావాటి మీద సంవత్సరమే లేదు. ఆ ఎర్ర పుస్తకానికి నిజంగా రేటుందా. మా వైపు తేమకి ఇవి బతకాలంటే ఏం చెయ్యాలి. ఇంకోటి, నాకూ ఇలాంటివి పోగెయ్యాలనిపిస్తోంది, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి బాబూ.


పాతకాగితం:

లంకలోడు గారూ, ముందు ఆ తూకంవాణ్ణి మళ్ళీ రావద్దని చెప్పెయ్యండి. మాది రాజమండ్రి, ఈ పిచ్చి నాకు పదిహేనేళ్ళ నించి ఉంది, మా ఆవిడ దీన్ని రోగం అంటాది.

ఎర్ర పుస్తకం సంగతి చెప్తాను. ముర్రే అనేది లండన్లో పుస్తకాలు వేసే కంపెనీ. 1836లో హాలండ్, బెల్జియం, రైన్ నది వైపు తిరిగేవాళ్ళ కోసం మొదటి హ్యాండ్‌బుక్ వేసింది. మన దేశం మీద 1859లో మద్రాసుకొకటి బొంబాయికొకటి విడివిడిగా వచ్చాయి, ఈస్ట్‌విక్ అనే ఆయన రాసాడు. తర్వాత బెంగాల్, పంజాబ్ కూడా వేసి చివరికి అన్నీ కుదించి ఒకే లావు పుస్తకం చేసేసారు. అది ఎడిషన్ మీద ఎడిషన్ పడుతూ 1975లో 22వ ఎడిషన్ దాకా నడిచింది. కాబట్టి మీ దగ్గరున్న ఒకే వాల్యూం రకం అంత అరుదేం కాదు, దొరుకుతూనే ఉంటాయి. అదే 1859 మద్రాసు వాల్యూం అయితే నేను ఇప్పుడే బైక్ వేసుకుని మీ లంకకి వచ్చేసేవాణ్ణి.

టైటిల్ పేజీ లేకపోయినా కాలం పట్టెయ్యొచ్చు. అట్ట మీద పాకిస్తాన్ అనే మాట లేదు కాబట్టి 1947కి ముందుది. లోపల రాజధాని ఏది అన్నాడో చూడండి, కలకత్తా అంటే ఒక కాలం, ఢిల్లీ అంటే 1911 డిసెంబరు ప్రకటన తర్వాతది. జనాభా లెక్కలు ఏ సంవత్సరానివి ఇచ్చాడో చూడండి, అది ఇంకా దగ్గరికి తీసుకొస్తాది.

రేటు అడిగారు. గైడ్లలో రేటంతా మ్యాపుల్లో ఉంటాదండి. పుస్తకం మొదట్లో మ్యాపుల జాబితా ఉంటాది, అది పెట్టుకుని ఒక్కోటి లెక్కెట్టండి, మడత మ్యాపులు ముఖ్యం, వెనక అట్టకి జేబు ఉంటే అందులో పెద్ద మ్యాపు ఉండాలి. ఒక్కటి పోయినా కొనేవాడు మొహం చిట్లిస్తాడు. పైగా మీ దానికి టైటిల్ పేజీ లేదు, కాబట్టి అమ్మి ఇల్లు కట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

ఈ ముర్రేకి పోటీ జర్మనీ వాడు, బేడెకర్ అని. అవీ ఎర్ర అట్టలే. చూడాల్సినవాటి పక్కన చుక్కలు పెట్టడం వాడి వల్లే ఊరూరా తెలిసింది. ఇండియా మీద 1914లో జర్మన్ భాషలో వేసాడు, సరిగ్గా యుద్ధం వచ్చిపడింది, ఇంగ్లీషులో అది అసలు రానేలేదు. అది దొరకడం అంటే గోదారిలో పులస చేప దొరకడమే, నేనైతే ఫోటోల్లో తప్ప చూళ్ళేదు. ఇంకో మాట గుర్తొచ్చింది, 1942లో హిట్లర్ విమానాలు ఇంగ్లండులో ఎక్సెటర్, బాత్, యార్క్ లాంటి పాత అందమైన ఊళ్ళ మీద బాంబులేస్తే వాటికి బేడెకర్ దాడులు అనే పేరొచ్చింది, గైడులో చుక్కలున్న ఊళ్ళు చూసి కొడుతున్నారని. మరుసటి ఏడాది డిసెంబర్లో లైప్‌జిగ్ మీద బ్రిటిషోళ్ళు బాంబులేస్తే ఆ బేడెకర్ కంపెనీ ఆఫీసే తగలడిపోయింది. గైడు పుస్తకం రాసినోడికి ఇంత గొడవ ఉంటాదని ఎవడనుకుంటాడు.

మొదలెట్టడం గురించి నా అనుభవం ఒకటే. అన్నీ కొనకండి. నేను మొదటి ఐదేళ్ళు కనబడ్డ ప్రతిదీ కొన్నాను, స్విట్జర్లాండ్ గైడు నాకెందుకు చెప్పండి, కొన్నాను. తర్వాత బుద్ధొచ్చి ఒక గీత గీసుకున్నాను, గోదారి పేరు ఉన్న పుస్తకం తప్ప ఇంకోటి ముట్టను. ఆ గీత గీసాకే సరదా మొదలైంది. గైడ్లు కాకపోయినా వాటి పక్కన పెట్టుకోవాల్సినవి రెండున్నాయి, 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా పుస్తకం, 1907లో హెమింగ్వే రాసిన గోదావరి గెజిటీర్, అంటే జిల్లా వివరాలన్నీ ఉండే సర్కారు పుస్తకం. ఆ హెమింగ్వే వేరు, కథల హెమింగ్వే వేరు, నేను కూడా మొదట్లో పొరబడ్డాను, నవ్వకండి.

అసలు విషయం మర్చిపోయాను. చిరిగిన చోట సెల్లోటేప్ వెయ్యకండి. దణ్ణం పెడతాను. నా మొదటి ముర్రేకి ప్రేమగా టేప్ వేసాను, రెండు వేసవులకి జిగురు పసుపుపచ్చగా కారిపోయి మ్యాపు మీద చారలు పడ్డాయి, తియ్యబోతే అక్షరాలు టేపుతో పాటు లేచొచ్చాయి.


సర్వర్‌డౌన్:

గురూ ఇవన్నీ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఫ్రీగా ఉన్నాయి. ఆ హెమింగ్వే గెజిటీర్ నా ఫోన్లో ఉంది, పైసా ఖర్చు లేదు చెదా లేదు. ముర్రేలు కూడా స్కాన్లు బోలెడు. పాత కాగితం వాసన కోసం అలమరా కొనుక్కోవడం ఏంటో నాకర్థం కాదు. స్కాన్ చేసి పెట్టుకుని అసలువి వదిలించుకోండి, మీ అమ్మగారు చెప్పిందే రైటు.


గౌతమిగట్టు:

తమ్ముడూ, నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని, మీ అక్క వయసే ఉంటాది అనుకో. పై బాబు స్కాన్లు ఉన్నాయి అన్నాడు, నిజమే, ఇంగ్లీషువి ఉన్నాయి. మీ పెట్టెలో ఉన్న పుష్కరాల పుస్తకం, కాశీ గైడు ఎక్కడ స్కాన్ అయ్యాయో చూపించమను చూద్దాం. అవి లైబ్రరీలు కూడా దాచలేదు. మేమే దాచలేదు. పావలా పుస్తకం, పిన్నులు కొట్టింది, రిజిస్టర్లో ఎక్కించే విలువ లేదనుకున్నాం. లండన్లో అచ్చైన ముర్రే ప్రపంచంలో ఎన్నో అలమరాల్లో భద్రంగా ఉంది, రాజమండ్రిలో అచ్చైన పుష్కర గైడు మాత్రం తిన్నగా బజ్జీల కొట్టుకెళ్ళిపోయింది.

కాలం కట్టడం చెప్తాను, మేం సంవత్సరం లేని పుస్తకం వస్తే ఇలాగే చూసేవాళ్ళం. ముందు డబ్బులు. ఛార్జీలు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, నయాపైసలంటే ఆ తర్వాత ఏడేళ్ళలోది, ఉట్టి పైసలంటే 1964 తర్వాతది. అయితే పల్లెటూరి ప్రెస్సువాళ్ళు అణాల అలవాటు అంత తొందరగా వదల్లేదు కాబట్టి ఇదొక్కటే నమ్మకూడదు. తర్వాత రైలు. ఎం అండ్ ఎస్ ఎం, అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అని ఉంటే కంపెనీ రోజులు, సదరన్ రైల్వే అంటే 1951 తర్వాత, దక్షిణ మధ్య రైల్వే అంటే 1966 అక్టోబరు తర్వాత. ప్రకటనల్లో అడ్రసులు చూడండి, పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని విడిగా రాస్తే 1925 తర్వాత. ఆంధ్ర రాష్ట్రం అంటే 1953కీ 56కీ మధ్య, ఆంధ్రప్రదేశ్ అంటే ఆ పైన.

మన గోదారోళ్ళకి ఇంకో రెండు కొండగుర్తులున్నాయి. వంతెన. 1900లో వచ్చిన హేవలాక్ రైలు వంతెన ఒక్కటే చెప్పి, రోడ్డున వచ్చేవాళ్ళు కొవ్వూరు నుంచి లాంచీ ఎక్కాలి అని రాసాడంటే 1974లో రోడ్డు కం రైలు వంతెన రాకముందుది. రెండోది కోటిపల్లి రైలు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను వేసారు, యుద్ధం కోసమని 1940లో పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ రైలు తిరిగింది 2004లో. మీ టైమ్ టేబుళ్ళలో దేంట్లోనైనా కోటిపల్లి స్టేషను కనబడిందంటే అది ఆ పన్నెండేళ్ళలోదే అయ్యుండాలి, గట్టిగా పట్టుకోండి.

ఇప్పుడు జాగ్రత్తలు. మన డెల్టాలో పుస్తకానికి శత్రువు పురుగు కంటే ముందు తేమ. గోడకి ఆనించిన అలమరాలో పెట్టకండి, వెనక నాలుగు వేళ్ళంత ఖాళీ వదలండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టేస్తే లోపల చెమట పట్టి బూజొస్తాది, వానాకాలంలో అస్సలు వద్దు. పురుగు ఉందని అనుమానం ఉంటే మాత్రం బాగా ఆరిన పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి డీప్ ఫ్రిజ్‌లో ఓ పది రోజులుంచండి, తీసాక కవరు వెంటనే విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానివ్వండి. వేపాకు, వస కొమ్ము మా అమ్మ కాలంలో పెట్టేవారు, తప్పులేదు గానీ ఆకు పచ్చిగా పెడితే దాని తడే అంటుకుంటాది, ఎండబెట్టి గుడ్డలో మూటకట్టి పెట్టాలి. కలరా ఉండలు పడుకునే గదిలో వద్దు. పిన్నులు తీసెయ్యండి, తుప్పు కాగితాన్ని తినేస్తాది, తీసాక తెల్ల నూలుదారంతో పాత కన్నాల్లోంచే ఓ కుట్టు వేస్తే చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే 1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే రెండు అరల పుస్తకాలు ముద్ద. కంగారులో ఎండలో ఆరబెట్టాను, అదే నేను చేసిన తప్పు, అట్టలు గిన్నెల్లా వంగిపోయి పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నీడలో ఫ్యాను కింద, మధ్యమధ్య తెల్ల కాగితం పెట్టి, ఆ కాగితాలు తడిసినప్పుడల్లా మార్చుకుంటూ పోవాలి. న్యూస్ పేపర్ పెడితే సిరా దిగుతాది. ఇవన్నీ నాకు ఉద్యోగరీత్యా తెలుసు, ఆ పొద్దున ఒక్కటీ గుర్తు రాలేదు.


నర్సాపురం_పంటు:

ఆయ్, మంచి టాపిక్ పెట్టారండి. నేను ఇంగ్లీషు ఎర్రట్టల జోలికి పోను, నా దగ్గరున్నవన్నీ పుష్కర గైడ్లు, క్షేత్ర మహత్యాలు, తీర్థాల్లో అమ్మే పుస్తకాలే. ద్రాక్షారామం, పాలకొల్లు, అంతర్వేది, ర్యాలి, కోటిపల్లి. ఒక్కో క్షేత్రానికి వేరువేరు కాలాలవి నాలుగైదు పెట్టుకుని పక్కపక్కనే చదువుతుంటే ఆ కిక్కే వేరు. స్థలపురాణం భాగం అన్నిట్లో ఒకటే ఉంటాది, ఒకడు రాసింది ఇంకొకడు దింపేసాడు. మారేదల్లా చివరి రెండు పేజీలు, ఎలా వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి. అక్కడే ఉంటాది అసలు సరుకు.

ఒకదాంట్లో కాలవ పడవ దిగి లాకుల దగ్గర్నుంచి నడవమంటాడు, తర్వాతదాంట్లో బస్సు ఎక్కి ఫలానా రేవులో పంటు, అంటే బల్లకట్టు, ఎక్కి దాటమంటాడు, ఆ తర్వాతదాంట్లో రేవు మాటే ఉండదు, వంతెన వచ్చేసింది. యానాం ఎదుర్లంక వంతెన రాకముందు పుస్తకం చూస్తే అమలాపురం వైపు నుంచి కాకినాడ పోవడం ఎంత యవ్వారమో తెలుస్తాది. మా నర్సాపురం సఖినేటిపల్లి రేవు మాత్రం ఏ పుస్తకం తీసినా పంటే, ఇప్పటికీ పంటే, మా దగ్గర పాత గైడు ఇంకా పనికొస్తాదని మేం జోకేసుకుంటాం.

సత్రాల జాబితాలు చూడండి, ఏ సత్రంలో ఎవరికి చోటు అని కులాలవారీగా అచ్చేసేవారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. ఏ కాలం పుస్తకంలో ఆ కాలమ్ మాయమైందో చూసుకుంటూ వెళ్తే అదొక చరిత్ర. మనం ఇప్పుడు పాతరోజులు బంగారం అని పోస్టులు పెట్టుకుంటాం గానీ.

రేటంటారా, వీటికి మార్కెట్టే లేదు. పది ఇరవైకి కొన్నవే ఎక్కువ, ఊరికే ఇచ్చినవి ఇంకా ఎక్కువ. కానీ కావాలంటే దొరకవు. డబ్బు పెడితే ముర్రే వారం రోజుల్లో ఇంటికొస్తాది, పాలకొల్లు క్షీరారామం గైడు పాతది నాకు కావాల్సింది ఒకటి ఆరేళ్ళ నుంచి వెతుకుతున్నాను.

ఎక్కడ వెతకాలంటే, హైదరాబాద్ వెళ్తే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్, ఎనిమిదింటికల్లా ఉండాలి. బెజవాడలో లెనిన్ సెంటర్ వైపు పాత పుస్తకాల కొట్లు. కానీ నాకు ఎక్కువ దొరికింది మన ఊళ్ళ పాత పేపర్ల కొట్లలోనే, వాళ్ళతో స్నేహం పెట్టుకోండి, టీ ఇప్పించండి, చిన్న పుస్తకాలు వస్తే పక్కన పెట్టమనండి. ఆచారిగార్ల ఇళ్ళు, పురోహితుల ఇళ్ళు, పాత లాడ్జీలు కూడా. లాడ్జీ అంటే గుర్తొచ్చింది, మావాడి లాడ్జీలో ఎప్పుడో ఓ తెల్లాయన వదిలేసిన పుస్తకం ఒకటి లెడ్జర్ కింద ఎత్తుకి పెట్టుకున్నారు, తీసి చూస్తే లోన్లీ ప్లానెట్ వాళ్ళ ఇండియా గైడు, 1981లో వచ్చిన మొదటి ఎడిషన్. అట్ట లేదు, అది వేరే ఏడుపు. దానికి బదులు ఓ చెక్కముక్క ఇచ్చి తెచ్చుకున్నాను.

ఆన్‌లైన్లో కొంటే ఒక్క జాగ్రత్త. రెండేళ్ళ కిందట 1878 అని పెట్టి ఓ మోరిస్ పుస్తకం అమ్మకానికి పెట్టాడొకడు, ఫోటోలో టైటిల్ పేజీ మాత్రమే ఉంది, నేను గంతులేసుకుంటూ డబ్బు కట్టేసాను. వచ్చింది ఢిల్లీ రీప్రింటు. టైటిల్ పేజీ పాతదే ఫోటో తీసి వేస్తారు కదా, దాని వెనక పేజీ చూపించమని అడగాలి, నేను అడగలేదు. అడిగితే ఫోన్ ఎత్తలేదు. రీప్రింటు చదువుకోడానికి బాగానే ఉంటాది, రేటు మాత్రం అసలుకి పెట్టాను.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. తెలుగులో మొదటి గైడు ఏదంటే నేను ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్రే అంటాను. అది యాత్రాచరిత్ర కదా అంటారు, ఆయ్ ఒప్పుకుంటాను. కానీ 1830 మేలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబర్లో తిరిగొచ్చేదాకా మజిలీ మజిలీకీ ఎన్ని ఆమడలు, దారి ఎలా ఉంది, అంగళ్ళున్నాయా, సత్రం ఉందా, నీళ్ళు మంచివా అని రాసుకుంటూ వచ్చాడాయన. 1838లో అచ్చయింది, అప్పటికి నేను చెప్పుకున్న ఆ బేడెకర్ గైడ్లు వెయ్యడం మొదలై పట్టుమని పదేళ్ళు కాలేదు. 1941లో దిగవల్లి వెంకట శివరావు గారు వేయించిన కాపీ దొరికితే వదలకండి.


పాతకాగితం:

పంటు గారూ, బేడెకర్ సంగతి చెప్పింది నేనండి, క్రెడిట్ కొట్టెయ్యకండి.

సర్వర్‌డౌన్ తమ్ముడూ, స్కాన్లో వచ్చేది పుస్తకం. మా దగ్గరుండేది పుస్తకం ప్లస్ దాన్ని వాడిన మనిషి. పెన్సిల్ గీతలు, మధ్యలో దాచిన టిక్కెట్టు, హోటలు బిల్లు, ఎండిన బిల్వపత్రం. నా రామేశ్వరం గైడులో ఎవరో ఇరవై రెండు బావుల జాబితా పక్కన టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళి పద్నాలుగో దాని దగ్గర ఆగిపోయారు. జలుబు చేసిందో, డబ్బులయిపోయాయో.


లంకలోడు:

అందరికీ పేరుపేరునా దణ్ణాలండి. పది రోజులైంది, ఆదివారాలు రెండూ దీనికే పోయాయి.

ముర్రే సంగతి తేలింది. పాకిస్తాన్ లేదు, రాజధాని ఢిల్లీ, జనాభా లెక్కలు 1931వి. అంటే ముప్పైల్లోదో నలభైల్లోదో. మ్యాపులు లెక్కెడితే మూడు లేవు. మా తాతగారు అందులోంచి మ్యాపు చింపి జేబులో పెట్టుకుని తిరిగేవారని మా మేనత్త ఫోన్లో చెప్పింది, కాబట్టి రేటు పోగొట్టింది కూడా ఆయనే. టైమ్ టేబుళ్ళలో కోటిపల్లి కోసం కళ్ళు కాయలు కాసేలా వెతికానక్కా, లేదు. అన్నీ తర్వాతవే.

ఇంక పుష్కరాల పుస్తకం. ఇది చెప్పడానికే వచ్చాను. ఛార్జీలు పైసల్లో ఉన్నాయి, నయా అనే మాట లేదు. దక్షిణ మధ్య రైల్వే వారి ప్రత్యేక రైళ్ళు అని ఉంది. ప్రకటనల్లో పిన్‌కోడ్లు లేవు. కొవ్వూరు నుంచి లాంచీ అని ఉంది, రోడ్డు వంతెన ఊసు లేదు. ఇక్కడిదాకా మీ అందరి లెక్కలు పెట్టుకుని 1966కీ 72కీ మధ్య అని తేల్చుకున్నాను. అప్పుడు స్నానాల పట్టిక ఉన్న పేజీ పైన మూల చిరిగిపోయి "...వంగ నామ సంవత్సర" అని మిగిలింది కనబడింది. మా అమ్మ చూసి ఇది వంకాయ తోటల పుస్తకమా అంది. నాకూ వెలగలేదు, పంచాంగం తీసి అరవై పేర్లూ వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళాను. వంగ అని ముగిసేది ఒక్కటే, ప్లవంగ. 1967. పుష్కరాలు కూడా ఆ ఏడాదే.

ఇంకో చిత్రం, అరవై ఏళ్ళకి పేరు తిరిగొస్తాది కదా, వచ్చే పుష్కరాలు 2027లో, అదీ ప్లవంగే. ఈ పుస్తకం అచ్చైన పేరుతోనే మళ్ళీ గోదారికి పుష్కరం వస్తోంది.

లాంచీ ఛార్జీ పక్కన పెన్సిల్‌తో తాతగారి రాత ఉంది. "రైలు రద్దీ. లాంచీలో దాటితిమి. దీని చెప్పు ఒకటి నీళ్ళలో పోయినది. రెండోది ఇప్పటికీ పట్టుకుని తిరుగుచున్నది." దీని అంటే మా నానమ్మ అండి. మా అమ్మ ఇది విన్నాక చెద మాట ఎత్తట్లేదు, అలమరా గోడ నుంచి తనే జరిపింది. ఒక్క ఇంచే జరిపింది, నాలుగు వేళ్ళంటే ఎంతో ఆవిడ లెక్క వేరు.

పేపర్లవాడు మళ్ళీ వచ్చాడు. టీ ఇప్పించాను.


సర్వర్‌డౌన్:

సరే గురూ, నేను అన్నది వెనక్కి తీసుకోను గానీ ఆ చెప్పు పేజీ ఒక్కటి స్కాన్ చేసి పెట్టండి.


గౌతమిగట్టు:

స్కానర్ మీద బోర్లా పెట్టి నొక్కకు తమ్ముడూ, వెన్ను విరిగిపోతాది. పుస్తకం సగమే తెరిచి, కింద మడత గుడ్డ పెట్టి, పగటి వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు, ఫ్లాష్ వద్దు. పిన్నులు తీసాకే ఈ పని చెయ్యి. బ్లేడు పెట్టకుండా వెనకవైపు కాళ్ళు గోరుతో నెమ్మదిగా లేపి తియ్యాలి, తుప్పు రాలితే కుంచెతో తుడువు, నోటితో ఊదకు.